కడబంతి

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఆ సామెత బిచ్చగాళ్ల కంటే మా దగ్గరికి వచ్చే వాలంటీర్లకు బాగా నప్పుతుంది. ఆ సోమవారం నేను షెడ్డు తాళం తీయడానికి వచ్చేసరికే నారింజ రంగు టీషర్టులేసుకున్న పిల్లల గుంపు గేటు ముందు నిలబడి ఉంది. విశాఖపట్నంలో ఏదో ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు. ఎండాకాలం సెలవుల్లో వారం రోజులు సేవ చేసి పోతారట. "గుడ్ మార్నింగ్ ఆంటీ!" అని అందరూ ఒక్కసారి అరిచేసరికి గేటు కింద పడుకున్న కుక్క లేచి పారిపోయింది.

నా పేరు నీలమ్మ. మాది షేక్‌పేట, ఫ్లైఓవర్ పక్కనున్న పాత ఊరు. ఫిల్మ్ నగర్‌లో పెద్ద బంగళాల వెనక, కొండ వాలులో బస్తీ మొదలయ్యే చోట ఒక ట్రస్టు వాళ్లు రోజూ మధ్యాహ్నం ఊరికే అన్నం పెడతారు. అక్కడ వంట నాది. నీలమ్మకు నోరెక్కువని అందరూ అంటారు. మే నెలలో, రేకుల షెడ్డులో, మూడు పెద్ద పొయ్యిల మధ్య నిలబడితే ఎవరి నోరైనా ఎక్కువే అవుతుంది.

మా దగ్గర భోజనాలు బంతులుగా సాగుతాయి. ముందు షెడ్డులో ఒక బంతి లేస్తే ఇంకో బంతి కూర్చుంటుంది. బస్తీ వాళ్లు, అడ్డా కూలీలు, ఎవరూ లేని ముసలివాళ్లు. వాళ్లంతా తిని వెళ్లాక, వండినవాళ్లం, తోమేవాళ్లం, వడ్డించినవాళ్లం వంటగదిలో చాప పరుచుకుని కూర్చుంటాం. అది కడబంతి. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే అంటారు కదా, మాకు ఏనాడూ తక్కువ కాలేదు.

పుష్పవల్లి తినేది ఆ కడబంతిలోనే. ఆమె మా దగ్గర జీతానికి చేసేది కాదు. నేను పుష్పక్క అనేదాన్ని. డెబ్బై దాటిన మనిషి. తెనాలి దగ్గర పల్లెటూరు. సినిమాలు మద్రాసు వదిలి ఇక్కడికి వచ్చినప్పుడు వాటి వెంటే వచ్చేసింది. పెళ్లి సీనులో అక్షింతలు వేసే ముత్తైదువ, కోర్టు సీనులో బెంచీ చివరి ఆవిడ, గుడి సీనులో ప్రదక్షిణం చేసే ఆవిడ. ఎన్ని సినిమాల్లో ఉందో ఆమెకే గుర్తులేదు, ఒక్కదాంట్లోనూ మాట లేదు. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. రహమత్ నగర్‌లో ఒంటి గది. మోకాళ్లు పట్టేశాక షూటింగులకు మనుషుల్ని పంపే కోఆర్డినేటర్లు పిలవడం తగ్గించారు. "అన్నీ నిలబడే సీన్లేనమ్మా ఇప్పుడు. కూర్చునేవి ఎవరు రాస్తున్నారు?" అని నవ్వేది.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె లైనులో నిలబడలేదు. గేటు దగ్గరాగి, "ఇక్కడేమన్నా పనుందా అమ్మా? జీతం వద్దులే" అంది. ముఖం చూస్తే తెలిసిపోయింది. రోజూ వందల మంది ఆకలి ముఖాలు చూసేదాన్ని, ఆ మాత్రం తెలియదా? కొత్తిమీర కట్టలు ముందు పడేశాను. ఆ రోజు కడబంతిలో అన్నం కలిపి, ముద్ద ఎత్తే ముందు, "పని చేశాను, తింటున్నాను" అంది, దేవుడికి చెప్పుకున్నట్టు. అప్పటి నుంచి రోజూ అదే మాట. వెళ్లేటప్పుడు చిన్న గిన్నె నింపి ఇచ్చేదాన్ని, "మిగిలిందక్కా, పారబొయ్యాలె" అని. మిగలలేదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె చేసే పని ఎంతని? చేతులు వణికేవి. కొత్తిమీరలో వేర్లు సగం అలాగే ఉండేవి. ఆమె చూడకుండా నేను మళ్లీ తరిగేదాన్ని. అయినా సంచిలో తన సొంత చాకు తెచ్చుకునేది, పాత రవిక గుడ్డలో చుట్టి.

ఒకసారి ఏడిపించాను. "బస్సుల ఊరికే వస్తవు, అన్నం మాత్రం ఊరికే తినవా అక్కా?"

"ఊరికే ఎందుకొస్తానమ్మా? ఆడవాళ్లకి జీరో టికెట్ అయినా టికెట్టేగా. కండక్టరు చేతిలో పెడతాడు. చేతిలో ఒకటుంటే కూర్చోబుద్ధవుతుంది" అంది.

ఆ సోమవారం పిల్లలు దండు దిగినట్టు దిగారు. కూరగాయలు కడిగేశారు, ఉల్లిపాయలు ఏడుస్తూ తరిగేశారు, బియ్యం ఏరేశారు, గంగాళాలు తోమేశారు. ఎంతైనా ఆరంభ శూరత్వమే అనుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది. స్టూలు మీద కూర్చుని టీ తాగాను. అందరిలోకీ చురుకైనది నిహారిక. కళ్లద్దాల పిల్ల. ఒక పని అయ్యేలోపే ఇంకో పని మీద చెయ్యి వేసేది.

పుష్పక్క ఎప్పటి వేళకే వచ్చింది. తన మూలలో పీట వాల్చుకుని, చాకు తీసి ఒళ్లో పెట్టుకుని చుట్టూ చూసింది. తరగాల్సింది ఒక్క కాడ కూడా లేదు.

"ఇవాళ పనేం లేదా నీలమ్మా?"

"ఎందుకు లేదక్కా, నీకోసమే పెట్టిన" అని పల్లీల చాట ముందుంచాను. అవి ఏరిన పల్లీలే.

ఆమె రెండు గింజలు పట్టుకుందో లేదో నిహారిక వచ్చి చాట అందుకుంది. "అయ్యో మామ్మగారూ, మీరెందుకండీ! చేతులు వణుకుతున్నాయి కూడా. మేం ఇంతమందిమి ఉన్నాం, మీరు హాయిగా కూర్చోండి."

నేను నోరు తెరవబోయాను. అంతలో పొయ్యి మీద సాంబారు పొంగింది. అటు తిరిగాను. మా మేనేజర్ ఓంప్రకాష్ సార్ కూడా అక్కడే ఉన్నాడు. "చేయనియ్యి నీలమ్మా, చేయనీకే కదా వచ్చిండ్రు పాపం" అన్నాడు.

సాంబారు దించి చూసేసరికి మూలలో పీట ఒక్కటే ఉంది. నిహారిక ఆమెను చెయ్యి పట్టి ముందు షెడ్డులోకి తీసుకెళ్లి, మొదటి బంతిలో మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టింది. సిద్ధార్థ అనే కుర్రవాడు చేతులు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు పోశాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. పక్కన కూర్చున్న అడ్డా కూలీ ఆమె ముఖంలోకి చూసి, "ఏందమ్మా, నువ్వు సినిమాల కనబడతవు కదా? గీడికొచ్చినవేంది?" అన్నాడు. వాడు వెక్కిరించలేదు, సంబరపడ్డాడు.

పుష్పక్క విస్తరి వైపు చూసింది. అన్నం వేశారు, పప్పు వేశారు, నిహారిక లడ్డూ కూడా వేసింది. ఆమె ముట్టుకోలేదు. రెండు చేతులూ జోడించి, "మర్చిపోయానమ్మా, నాకు షూటింగుంది" అని లేచింది. మోకాళ్లు సహకరించక నేల మీద చెయ్యి ఆనించి మరీ లేచింది. నేను గరిటె వదిలేసి గేటు దాకా వెళ్లేసరికే ఆటోల మధ్య కలిసిపోయింది. చాకు పీట పక్కనే ఉండిపోయింది.

ఆ మధ్యాహ్నం నిహారికను కడిగేశాను. ఆ పిల్ల కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడింది. "మా అమ్మమ్మకి ఎలా చేస్తానో అలాగే చేశానాంటీ. పెద్దావిడ, ఆవిడ చేత పని చేయించడం పాపం అనిపించింది" అంది. నా మనవరాలే అలా చేసుంటే ముద్దు పెట్టుకుని ఉండేదాన్ని.

కోపం చల్లారాక రేపు వస్తుందిలే అనుకున్నాను. మంగళవారం రాలేదు. ఫోన్ చేస్తే, "షూటింగులు బాగా ఉన్నాయమ్మా, ఊపిరాడడం లేదు" అంది. గొంతు నీరసంగా ఉంది. బుధవారం కూడా రాకపోతే, క్యారియర్ నింపి, చాకు గుడ్డలో చుట్టి, నిహారికనూ సిద్ధార్థనూ రహమత్ నగర్‌కు పంపాను.

వాళ్లు తిరిగొచ్చేసరికి క్యారియర్ బరువుగానే ఉంది.

"చాకు తీసుకున్నారాంటీ. క్యారియర్ మాత్రం వద్దన్నారు. ఇప్పుడే తిన్నానన్నారు" అంది నిహారిక. "లోపల పొయ్యి కనిపించింది. దాని మీద మడతపెట్టిన బట్టలున్నాయి" అంది.

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది. ఏడిస్తే ఏం లాభం? ఆలోచించాలి. ఆమెకు అన్నం పంపితే తీసుకోదు. పని పంపితే తీసుకుంటుంది. శుక్రవారానికి గోకరకాయ తెమ్మని చెప్పాను. ఇంతమందికి గోకరకాయ వండడమంటే తలకాయ నొప్పి, తొడిమలు తీయాలి, ఈనెలు తీయాలి. పిల్లలందరినీ పిలిచి చెప్పాను: "శుక్రవారం గోకరకాయ ఒక్కరు ముట్టినా చెయ్యి ఇరగ్గొడత." తర్వాత ఫోన్ చేశాను.

"అక్కా, నువ్వు జర రావాలె. ఈ పోరగాళ్లకు ఏం చాతగాదు. గోకరకాయ ఈనెలు తియ్యకుంట తుంపుతున్నరు. తిన్నోళ్లంతా నన్ను తిడుతున్నరు."

అటువైపు గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "గోరుచిక్కుడుకాయా? అయ్యో, ఈనె తీయకపోతే ఎట్లాగమ్మా, గొంతులో పడుతుంది. రేపు కాదు, ఎల్లుండి వస్తాను. రేపు నిజంగానే షూటింగుంది."

నిజంగానే అన్న మాటకు నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. ఫోన్ పెట్టేశాక నిహారికతో చెప్తే చప్పట్లు కొట్టబోయి, నా ముఖం చూసి మానుకుంది.

గురువారం మధ్యాహ్నం మా బంతులు సగంలో ఉండగా ఒక షూటింగు నుంచి ఓంప్రకాష్ సార్‌కు ఫోన్ వచ్చింది. యూనిట్ భోజనాలు అయిపోయాయి, బిర్యానీ చాలా మిగిలింది, తీసుకుపొమ్మని. ఇలాంటివి వస్తూనే ఉంటాయి. పోచయ్య వ్యాన్ తీశాడు. నేనూ నిహారికా సిద్ధార్థా ఎక్కాం. దూరమేం కాదు, ఫిల్మ్ నగర్ దాటి షేక్‌పేట వైపు బండరాళ్ల మధ్య ఖాళీ జాగాలో గుడి సెట్టు వేశారు. ప్లైవుడ్ గోపురం ఎండకు మెరుస్తోంది. గుడి ముందు పొడవుగా బంతులు. చింకిబట్టల్లో మనుషులు విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. బీదలకు హీరో అన్నదానం చేసే సీను.

బిర్యానీ గిన్నెలు వ్యాన్‌లోకి ఎక్కిస్తుంటే నిహారిక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఆంటీ, అదిగో మామ్మగారు."

చిట్టచివరి బంతిలో, చివరి మనిషి పుష్పక్క. ముఖానికి మసి రంగు పూశారు, జుట్టులో దుమ్ము కొట్టారు, చిరుగుల చీర కట్టారు. ముందు విస్తరి నిండా అన్నం, పప్పు. గొడుగు లేదు, నీడ లేదు. వంగి వంగి వెళ్లి ఆమె వెనక కూర్చున్నాను.

"అక్కా!"

తల తిప్పకుండా నవ్వింది. "నువ్వెందుకొచ్చావమ్మా ఇక్కడికి? ఫ్రేములో పడతావు."

"ఎప్పుడు కూర్చున్నవ్?"

"పొద్దున్నే. హీరోగారు రావడం ఆలస్యమైంది. ఈ ఒక్క షాటూ అయితే మాకు బ్రేక్."

"పొద్దున టిఫిన్ తిన్నవా?"

"మేకప్ చేయించుకుని వచ్చేలోగా అయిపోయిందిలే." పెదాలు తెల్లగా పొక్కి ఉన్నాయి. పూసిన రంగు కింద ముఖం ఎలా ఉందో తెలియడం లేదు.

"ముంగట గంత బువ్వ పెట్టుకుని కూర్చున్నవ్. రెండు ముద్దలు తినక్కా."

"ష్. కంటిన్యుటీ అమ్మా. వేరే షాట్లలో విస్తరి ఇట్లాగే ఉంది. ఇప్పుడు ముద్ద తగ్గితే మళ్లీ మొదటి నుంచి తీయాలి. నా ఒక్కదాని కోసం ఇంతమంది మళ్లీ ఎండలో కూర్చోవాలా? ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి ఆపాలి. అదే పని." చిన్నగా దగ్గింది. "రేపొస్తున్నానుగా. ఈనె ఎట్లా తీయాలో ఆ కళ్లద్దాల పిల్లకి నేనే నేర్పిస్తా. మంచి పిల్లే పాపం. కసిరావా దాన్ని?"

నిహారిక నీళ్ల సీసాతో పరుగెత్తుకు వస్తోంది. మైకు పట్టుకున్న కుర్రవాడొకడు అడ్డం వచ్చాడు. "మేడమ్, ఫ్రేమ్ క్లియర్ చేయండి, టేక్ వెళ్తున్నాం. ఆంటీ, మీరు కూడా లేవండి, ప్లీజ్!" నన్ను రెక్క పట్టి లేపాడు. విదిలించుకోవచ్చు. కానీ పుష్పక్కే చేతితో వెళ్లమని సైగ చేసింది. ఆమె పని చెడగొట్టడం ఇష్టంలేక, జనం రాకుండా కట్టిన తాడు అవతలికి వచ్చేశాను.

ఎక్కడో "యాక్షన్" అన్నారు. హీరో మొదటి బంతిలో వడ్డిస్తూ నడుస్తున్నాడు. బంతులన్నీ ఒక్కసారి ముద్ద కలిపాయి, ఒక్కసారి నోటిదాకా ఎత్తాయి. పుష్పక్క కూడా ఎత్తింది. ముద్ద పెదాల దగ్గర ఆగింది. ఆ చెయ్యి మెల్లగా దిగింది, తర్వాత మనిషే ముందుకు ఒరిగి విస్తరి మీద పడిపోయింది.

పక్కనున్న ఆడమనిషి చూసింది. ఆమె పక్కనున్న ముసలాయన కూడా చూశాడు. ఎవరూ కదల్లేదు. ముద్దలు నోటి దగ్గర పట్టుకుని కళ్లు మాత్రం తిప్పారు. పాపం వాళ్లది తప్పనలేను. కట్ అనేదాకా కదలకూడదని బతుకంతా నేర్చుకున్నవాళ్లు. వాళ్ల స్థానంలో పుష్పక్క ఉన్నా అలాగే కూర్చునేది. నేను తాడు దాటాను, అరుస్తూ పరుగెత్తాను, ఆ అరుపుకు గానీ కట్ అనలేదు.

మా వ్యాన్‌లోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. బిర్యానీ గిన్నెల మధ్య నా ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. వ్యాన్ నిండా మసాలా వాసన. నిహారిక ఆమె నోట్లో నీళ్లు పోస్తే పక్కకు కారిపోయాయి. సిద్ధార్థ అరికాళ్లు రుద్దుతూనే ఉన్నాడు. పోచయ్య సందులన్నీ తొక్కించాడు.

ఆసుపత్రిలో డాక్టర్ నాడి చూశాడు, కళ్లు చూశాడు. "ఈవిడ ఎప్పుడు తిన్నారు?" అని అడిగాడు. మాలో ఎవరం చెప్పలేకపోయాం. మళ్లీ చెయ్యి పట్టుకుని చూసి, దుప్పటి ముఖం మీదికి లాగాడు. వడదెబ్బ అని రాశారు.

నన్ను నేను తిట్టుకోవాలా, ఆ పిల్లను తిట్టాలా, మైకు కుర్రవాణ్ని తిట్టాలా, తెలియలేదు. ఎప్పుడూ తక్కువ కాని నా నోరు ఆ వేళ ఎండిపోయింది. షూటింగు వాళ్లు ఆమె సంచి పంపించారు. అందులో ఆమె చీర, ఆధార్ కార్డు, రవిక గుడ్డలో చుట్టిన చాకు.

శుక్రవారం పొద్దున షెడ్డు తెరిచేసరికి గోకరకాయ బస్తా వచ్చి ఉంది. పిల్లలకు అదే ఆఖరి రోజు. అందరూ బస్తా చుట్టూ నిలబడ్డారు గానీ ఎవరూ చెయ్యి వేయలేదు. ముట్టొద్దన్నది నేనే కదా. బస్తా మూతి విప్పి చాపల మీద పోశాను. చాకు తీసి నిహారిక చేతిలో పెట్టాను. ఆ పిల్ల పుష్పక్క పీట మీద కూర్చుంది. ఈనె తీయడం నేనే చూపించాను. సరిగ్గా రాలేదు, వేలు తెగింది, గుడ్డ కట్టుకుని మళ్లీ తీసింది.

మధ్యాహ్నం బంతులన్నీ లేచాయి. నలుగురైదుగురు, "ఇయ్యాల కూర మంచిగుంది" అని చెప్పి పోయారు. వంటగదిలో చాప పరిచాను. కడబంతిలో పిల్లలంతా మాతో కూర్చున్నారు. నేనే వడ్డించాను.

నిహారిక అన్నం కలిపింది. ముద్ద నోటిదాకా తెచ్చి ఆపేసింది. చెయ్యి అక్కడే ఉంది. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి.

"తిను బిడ్డా, పని చేసినవ్ కదా" అనబోయాను. ఆ మాట నాలుక మీదే ఆగిపోయింది. అది పుష్పక్క మాట. ఇన్నాళ్లు రోజూ విన్నాను, రోజూ తలూపాను, ఆ మాట నిలబెట్టడానికి ఏరిన పల్లీలు మళ్లీ ఏరించాను. అట్లా కాదక్కా అని ఒక్కనాడూ అనలేదు.

నిహారిక పక్కన కూర్చున్నాను.

"ఆకలైతుందా?" అని అడిగాను.

సిగ్గుపడుతూ తలూపింది.

"అయితే తిను."